అమ్మ గెల మీద నల్లచుక్క

ఒకప్పుడు అరటిపండుకి కుళ్ళడం తెలియదు.

పచ్చికాయల గెల కోసి దూలానికి వేలాడదీస్తే నాలుగు రోజులకి పసుపు ముద్దలా పండేది. పండిందంటే ఇక అంతే. ఏడాదైనా అదే రంగు, పదేళ్ళైనా అదే రంగు. తొక్క మీద చిన్న గీత కూడా పడేది కాదు. ఈగ వాలేది కాదు.

అబ్బ, ఎంత బాగుండేదో అనుకుంటున్నారు కదూ? ఆగండి, చెబుతాను.

గోదారి మధ్యలో ఒక లంక ఉండేది. లంకంటే చుట్టూ నీళ్ళు, నడుమ ఒండ్రుమట్టి. ఆ మట్టిలో ఏది పాతినా లేచి కూర్చునేది. ఎటు చూసినా అరటితోటలే. గాలి వీస్తే లంకంతా విసనకర్రలు విసిరినట్టు ఉండేది.

మొదట్లో అక్కడివాళ్ళు పండ్లు బాగానే తినేవారు. తర్వాత తర్వాత, "కుళ్ళనిదానికి తొందరేముంది, రేపు తిందాం" అన్నారు. రేపు వచ్చింది. "ఎల్లుండి తిందాం" అన్నారు. అలా అలా తినడం మానేశారు. దాచుకోవడం మిగిలింది.

పేరంటానికి వెళ్తే తాంబూలంలో రెండు పండ్లు పెట్టేవారు. పుచ్చుకున్నావిడ వాటిని తినదు. వచ్చే శుక్రవారం తన ఇంటికొచ్చిన ఇంకొకావిడకి పెడుతుంది. ఆవిడ మరొకావిడకి. అలా ఊరంతా తిరిగి తిరిగి, ఆ పండ్లు అట్లతద్ది నాటికి మొదట ఇచ్చినావిడ చేతికే వచ్చేవి.

"ఇదిగో, నా పండ్లు నాకొచ్చేశాయి! తొడిమ దగ్గర గోటి గుర్తు పెట్టుకున్నాలే" అని ఆవిడ మురిసిపోయేది.

పెళ్ళిళ్ళలో అయితే విస్తట్లో తలా ఒక పండు వడ్డించేవారు. భోజనాలవుతుంటే పెళ్ళివారి పెద్దాయన ఒక బుట్ట పట్టుకుని వరసగా వచ్చేవాడు. "చూశారుగా, ఇక ఇటివ్వండి" అనేవాడు. పంక్తిలోవాళ్ళు పండు తుడిచి బుట్టలో వేసేవారు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

ఆ లంకలో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ తీరే వేరు. ఊరంతా దాచుకుంటుంటే ఆవిడ తినేది, పదిమందికీ పెట్టేది. గెల మాగిందంటే చాలు, వీధరుగు మీద కూర్చుని దారేపోయేవాళ్ళని పిలిచేది.

"ఇదిగో అబ్బాయ్, ఇలా రా. ఈ పండు నోట్లో వేసుకుని మరీ వెళ్ళు."

ఇరుగుపొరుగు నవ్వేవారు. "నాంచారమ్మ ఇంట్లో గెలా, జల్లెడలో నీళ్ళూ ఒకటే. రెండూ నిలవవు" అనేవారు.

నాంచారమ్మ కూడా నవ్వేసేది. "నిలవ ఉంచుకోడానికి అదేమన్నా ఊరగాయా?" అనేది.

ఆవిడకి ఒక్కతే కూతురు, చెల్లాయమ్మ. చెల్లాయమ్మ చిన్నప్పుడు నాంచారమ్మ పండు ఒలిచి, మూడు ముక్కలు చేసేది. అటు చివరా ఇటు చివరా తాను తిని, నడిమి ముక్క కూతురి నోట్లో పెట్టేది. తిన్నాక కొంగుతో మూతి తుడిచేది. ఆ కొంగు ఎప్పుడూ అరటిపండు వాసన వేసేది.

చెల్లాయమ్మకి పెళ్ళయింది. పడవ నడుపుకునే వీరన్న ఇల్లరికం వచ్చాడు. ఆ ఏడే నాంచారమ్మ వంటింటి వెనక, అంట్లు తోమిన నీళ్ళు పారే చోట, ఒక చక్కెరకేళి పిలక నాటింది. అది పెరిగింది, పువ్వు వేసింది, గెల వేసింది. గెల దిగే వేళకి నాంచారమ్మ మంచం పట్టింది.

"చెల్లాయీ, గెల దించాక అందరూ తినండే. పిలకలు తీసి దూరం దూరంగా నాటు" అంది.

అదే ఆఖరి మాట.

చెల్లాయమ్మ గెల దించింది. ఆరు అత్తాల గెల అది. అత్తం అంటే, చేతికి వేళ్ళలాగా పండ్లు ఒక వరసలో అతుక్కుని ఉంటాయే, అది. నడిమింట్లో దూలానికి కొబ్బరితాడుతో కట్టింది. నాలుగు రోజులకి పండింది. ఒక పండు తుంచబోయి చెల్లాయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

తింటే అయిపోతుంది. అయిపోతే ఇక అమ్మదంటూ ఏం మిగులుతుంది?

అంతే. ఆ గెల అలా ఉండిపోయింది. ఒకటి కాదు, రెండు కాదు, పదేళ్ళు.

రోజూ పొద్దున్నే లేచి చెల్లాయమ్మ మెత్తని పాతచీర ముక్కతో ఒక్కో పండూ తుడిచేది. తుడుస్తూ కబుర్లు చెప్పేది. "అమ్మా, గోదారికి ఎర్రనీళ్ళొచ్చాయే." "అమ్మా, ఆవు ఈనింది. జున్ను నీకెంతో ఇష్టం కదా." అన్నీ చెప్పేది. గెల ఊఁ అనేది కాదు, ఆఁ అనేది కాదు. బంగారు బొమ్మలా వేలాడుతూ ఉండేది.

వీరన్న పొడుగు మనిషి. ఇంట్లోకి వచ్చినప్పుడల్లా గెల అతని నెత్తికి తగిలేది. "పోయి పదేళ్ళయినా మా అత్తగారు నన్ను మొట్టడం మానలేదు" అని తల రుద్దుకునేవాడు. అంతకుమించి ఏమీ అనేవాడు కాదు.

వాళ్ళకి ఒక కూతురు పుట్టింది. పేరు వరాలు. ఏడేళ్ళది. నోరు ఊరుకోదు.

"అమ్మా, అమ్మమ్మ పండు ఒకటి పెట్టవే."

"తప్పు. అది పండు కాదు, అమ్మమ్మ."

"అమ్మమ్మ పసుపుపచ్చగా ఉండేదా?"

"నీ మొహం. పోయి ఆడుకో."

"పోనీ, ఎలా ఉంటుందో చెప్పు. తీపా? పులుపా?"

చెల్లాయమ్మ చెప్పబోయింది. నోరు తెరిచింది. తీపే. కానీ ఏ తీపి? బెల్లంలాంటిదా, తేనెలాంటిదా? ఎంత తలుచుకున్నా నాలుక మీదికి రాలేదు. గెల దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించింది. పదేళ్ళు తుడిచి తుడిచి, ఆ పండ్లకి ఇప్పుడు గుడ్డ వాసన తప్ప ఏమీ లేదు.

"తీపేలే" అని గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇంటి నిండా గెలలుంటే ఇక తోటల మొహం ఎవరు చూస్తారు? ఎవరూ చూడలేదు. తోటల్లో తుంగ మొలిచింది. అరటి ఒక్కసారే గెల వేస్తుంది. గెల దిగాక తల్లి పడిపోవాలి, పక్కనున్న పిలక లేవాలి. ఆ పిలకని తీసి నాటేవాళ్ళు లేక, ఒకదాని మీద ఒకటి పడి, ఊపిరాడక, తోటకి తోట ఎండిపోయింది. చివరికి లంక మొత్తానికి ఒక్క అరటిచెట్టు మిగిలింది. అది చెల్లాయమ్మ వంటింటి వెనక ఉన్నదే. నాంచారమ్మ నాటినదానికి మునిమనవరాలు. దానికో పచ్చిగెల. కాళ్ళ దగ్గర నాలుగు పిలకలు ఇరుక్కుని ఉన్నాయి.

ఒకరోజు మధ్యాహ్నం చెల్లాయమ్మ అక్కడ అంట్లు తోముతుంటే చెట్టు ఏడుపు వినిపించింది.

"ఏమే, ఏమొచ్చింది?" అంది చెల్లాయమ్మ.

"నా పిలకలకి చోటు లేదమ్మాయ్. తీసి నాటు. మీ అమ్మ అయితే ఈపాటికి నాటేసేది."

"ఇంట్లో గెల ఉంది కదా. ఇంకోటి ఏం చేసుకోను?"

పక్కనున్న మామిడిచెట్టు పకపకా నవ్వింది. "నాకు టెంక ఉంది. కాకి ఎత్తుకుపోయి ఎక్కడ పడేసినా మొలుస్తా. చింతకి గింజ ఉంది. తాటికీ టెంక ఉంది. నీకేముందే అరటీ? కోస్తే లోపల ఒక్క విత్తనమన్నా ఉందా?"

"నాకు మనిషి చెయ్యే విత్తనం" అంది అరటి. "ఆ చెయ్యి కదలకపోతే నా వంశం నాతోటే ఆఖరు."

చెల్లాయమ్మకి ఆ మాట ముల్లులా తగిలింది. కానీ లేవలేదు. గిన్నెలు బోర్లించి, చెయ్యి కడుక్కుంది.

అప్పుడే నైరుతి మూల మబ్బు పట్టింది. గాలి లేచింది. ఆ గాలిలో ఒక బూజుపిల్ల, తడి తగిలిన చోటల్లా పట్టే ఆ బూజే, కొట్టుకొచ్చింది. బూడిద రంగు, పొడి అంత ఒళ్ళు, తల ఎత్తి ఎవరినీ చూడలేనంత సిగ్గు. పండగొస్తే ప్రతి ఇంట్లోనూ దాన్ని చీపురుతో తరిమేవారు. పాపం, దానికి ఇల్లంటూ లేదు.

"అమ్మా, వాన పడేలా ఉంది. నీ చూరు కింద కాసేపు..." అంది బూజుపిల్ల.

"ఛీ ఛీ! లోపల మా అమ్మ గెల ఉంది. పో అవతలికి" అని చెల్లాయమ్మ చీపురు తిప్పింది.

మామిడి "నా పూత దగ్గరికి రాకు" అంది. కొబ్బరి "నా టెంక గట్టిది, నీవల్ల కాదులే" అంది. ఎవరూ రమ్మనలేదు. అరటిచెట్టు ఒక్కటే ఆకు వంచింది.

"ఇలా రా పిల్లా. తడుస్తావు."

బూజుపిల్ల ఆకు కిందికి దూరింది. ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. ఇంతలో వాన దబదబా పడింది. వాళ్ళేం మాట్లాడుకున్నారో వినపడలేదు. చెల్లాయమ్మ కొంగు నెత్తిన వేసుకుని లోపలికి పరిగెత్తింది. వాళ్ళ మాటలు వినుంటే ఎలా ఉండేదో మరి!

వాన వెలిసిన నాలుగో రోజున కాసులమ్మ ఇంట్లోంచి పెద్ద కేక వినిపించింది.

కాసులమ్మంటే ఊళ్ళో అందరికంటే ఎక్కువ గెలలు దాచుకున్న మనిషి. వాళ్ళ తాతమ్మ కాపురానికి తెచ్చుకున్న గెల కూడా ఆవిడ దగ్గరుంది. చెల్లాయమ్మకి వరసకి వదిన. చెల్లాయమ్మ పరిగెత్తుకెళ్ళి చూస్తే, కాసులమ్మ నేల మీద కూలబడి ఉంది.

"చూడవే వదినా, చూడు! నాకు దిష్టి కొట్టింది. ఎవరి పాడు కళ్ళోగానీ!"

తాతమ్మ గెల నిండా నల్లచుక్కలు. చుక్కలు కలిసి మచ్చలయ్యాయి. తొడిమలు గెలని పట్టుకునే చోట, కత్తిగాటు పడ్డ చోట, మెత్తగా నల్లగా మగ్గిపోయింది. చూస్తుండగానే ఒక అత్తం ఊడి కింద పడింది. థపుక్కుమంది.

"దిష్టి తీశావా వదినా?"

"ఉప్పు తీశాను, మిరపకాయలు తీశాను. ఎండుమిరపకాయల ఘాటుకి నాకే దగ్గొచ్చింది. దానికేం కాలేదు!"

ఒక్క కాసులమ్మేనా? ఊరంతా అదే గోల. కొందరు పండ్లకి పసుపు రాశారు. కొందరు బూడిద చల్లారు. సాంబ్రాణి పొగ వేశారు. ఒకాయన పండ్లని తీసుకెళ్ళి గోదారిలో ముంచాడు. మర్నాటికి ఇంకా నల్లబడ్డాయి. ఎక్కడ లేని ఈగలూ వచ్చి, "ఇన్నేళ్ళకి మాకు పెళ్ళిభోజనం" అని పాటలు పాడాయి. పాడైన పండ్లని జనం ఏడుస్తూ గోదారిలో పారబోశారు. చేపలు పండగ చేసుకున్నాయి.

చెల్లాయమ్మ ఇంటికొచ్చి నడిమింటి తలుపులు మూసేసింది. కిటికీకి గుడ్డ కట్టింది. గెల వైపు చూసింది. ఒక్క చుక్క లేదు. బంగారంలా ఉంది.

"అమ్మా, నిన్ను నేను పోనివ్వనే" అంది.

నాలుగు రోజులు ఆ గది దాటి బయటికి రాలేదు. వరాలు తలుపు సందులోంచి, "అమ్మా, ఆకలేస్తోంది" అంటే, "నాన్నని పెట్టమను" అంది. వీరన్న అన్నం వండాడు గానీ గంజి కూడా వార్చలేదు. వరాలు ఆ ముద్దని చేత్తో సాగదీసి చూసింది. ఏడవలేదు గానీ తినలేదు.

అయిదో రోజు పొద్దున్నే చెల్లాయమ్మ గుడ్డ తీసుకుని గెల తుడుస్తుంటే, పైనుంచి రెండో అత్తంలో, ఒక పండు మీద ఆవగింజంత నల్లచుక్క కనిపించింది.

తుడిచింది. పోలేదు. ఉమ్మి తడి చేసి రుద్దింది. పోలేదు. ఆ చుక్క పక్కనే బూజుపిల్ల మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది.

చెల్లాయమ్మ చీపురు ఎత్తింది. ఎత్తింది గానీ కొట్టలేకపోయింది. కొడితే పండుకి తగులుతుంది.

"పాపిష్టిదానా! ఊరంతా తిన్నది చాల్లేదా? ఇది మా అమ్మ!"

"తెలుసమ్మా" అంది బూజుపిల్ల, తల ఎత్తకుండా. "నాలుగు రోజుల నుంచి నీ గుమ్మం బయటే కూర్చున్నాను. లోపలికి రావడానికి కాళ్ళాడలేదు. నువ్వు దీనితో కబుర్లు చెప్పుకోవడం విన్నాను. నాతో ఎవరూ అలా మాట్లాడలేదు ఎప్పుడూ."

"అయితే వెళ్ళిపో. దండం పెడతాను."

"వెళ్ళలేనమ్మా. మాటిచ్చాను."

"ఎవరికి?"

"నీ పెరట్లో ఏడుస్తుందే, దానికి."

చెల్లాయమ్మ చేతిలోని చీపురు కిందికి వాలింది.

బూజుపిల్ల మెల్లగా చెప్పింది. "ఆ వానలో అరటితల్లి నన్నొక మాట అడిగింది. 'నా పిల్లల ఒంటి మీద నీకు చోటిస్తాను. పచ్చిగా ఉన్నన్నాళ్ళూ వాళ్ళ తొక్క మీద నిద్రపో. వాళ్ళని ముట్టుకోకు. పండాక లేచి, ముందు ఒక్క చుక్క పెట్టు. ఇంట్లోవాళ్ళకి అది కబురు, వేళయింది తినండి అని. వింటే సరే. వినకపోతే ఇక నీ ఇష్టం, నువ్వే తిను' అంది. నేనన్నాను, 'అందరూ నన్ను తిడతారమ్మా' అని. 'తిట్టనీ. అయిపోతేనే కదా మళ్ళీ నాటేది. నా పిల్లలు అయిపోకపోతే నేను అయిపోతాను' అంది. నాకు చోటిచ్చింది ఆవిడొక్కతే. నేనెలా కాదనను?"

"మరి ఊళ్ళోవాళ్ళ గెలలు?"

"అందరికీ ముందు చుక్కే పెట్టాను. ఒక్కళ్ళు కూడా తినలేదమ్మా. పసుపు రాశారు."

చెల్లాయమ్మ చీపురు పక్కన పడేసింది. గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. తినాలని తెలుస్తోంది. చెయ్యి రావడం లేదు. ఆ పూటంతా అలాగే కూర్చుంది. మధ్యాహ్నానికి చుక్కలు పదయ్యాయి. సాయంత్రానికి గెల నిండా చిటికెడు మిరియాలు చల్లినట్టయింది.

వరాలు మెల్లగా తలుపు తోసుకుని వచ్చింది. గెల వైపు చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"అమ్మా, అమ్మమ్మకి ఆటలమ్మ పోసిందే!"

చెల్లాయమ్మకి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. పిల్లని దగ్గరికి లాక్కుంది.

అప్పుడు వచ్చింది వాసన.

ముందు సన్నగా, చూరు సందులోంచి వచ్చినట్టు. తర్వాత గది నిండా. తియ్యగా, కాస్త మత్తుగా, కాస్త వెచ్చగా. పదేళ్ళుగా ఆ గెలకి లేని వాసన. చుక్కలు పడ్డ చోటల్లా పండు లోపల్నుంచి కట్టలు తెంచుకుని వస్తోంది.

అమ్మ కొంగు వాసన.

చెల్లాయమ్మ కళ్ళు మూసుకుంది. వీధరుగు కనిపించింది. అరుగు మీద అమ్మ, ఒళ్ళో తాను. "ఇదిగో అబ్బాయ్, ఇలా రా" అని పిలిచే గొంతు వినిపించింది. గెల ఒక్కనాడు కూడా నిలవని ఇల్లు అది. నిలవ ఉంచుకోడానికి అదేమన్నా ఊరగాయా, అని నవ్వే మనిషి ఆవిడ.

అమ్మ ఏది చేసేది కాదో, అదే చేసి అమ్మని దాచుకున్నాననుకున్నానే, అనుకుంది చెల్లాయమ్మ.

లేచింది. ఎక్కువ చుక్కలున్న పండు చూసి తుంచింది. ఒలిచింది. తొక్క నల్లగా ఉంది గానీ లోపల వెన్నలా తెల్లగా ఉంది. మూడు ముక్కలు చేసింది. నడిమి ముక్క వరాలు నోట్లో పెట్టింది.

వరాలు నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది.

"ఎలా ఉందే?"

"చెప్పను. నువ్వు తిను" అంది వరాలు, నోటి నిండా పండుతో.

చెల్లాయమ్మ చివరి ముక్కలు రెండూ నోట్లో వేసుకుంది. బెల్లమూ కాదు, తేనే కాదు. అదే. అచ్చం అదే. కళ్ళ నీళ్ళు బొటబొటా రాలాయి. కొంగుతో పిల్ల మూతి తుడిచింది. తన కళ్ళు తుడుచుకోలేదు.

మర్నాడు పొద్దున్నే గెల దించి వీధరుగు మీద పెట్టింది. వీరన్న అలవాటుగా తల వంచుకుని ఇంట్లోకొచ్చి, ఏమీ తగలక వెనక్కి తిరిగి చూశాడు.

"మా అత్తగారేరీ?"

"అరుగు మీదుంది. పోయి ఆవిడ చేతి పండు తిను."

చెల్లాయమ్మ దారేపోయేవాళ్ళందరినీ పిలిచింది. అచ్చం వాళ్ళమ్మలాగే. వచ్చినవాళ్ళు చుక్కలు చూసి మొహం చిట్లించారు. వరాలు వాళ్ళకి పండు ఒలిచి చూపించింది. "పైన ఆటలమ్మ, లోపల చక్కెర" అంది. తిన్నవాళ్ళు మరి కదల్లేదు.

కాసులమ్మ కూడా వచ్చింది. పండు పుచ్చుకుని, అలవాటు కొద్దీ కొంగున ముడేసుకోబోయింది.

చెల్లాయమ్మ చెయ్యి పట్టుకుంది. "వదినా, ఇక్కడే తిను. తొక్క నా చేతిలో పెట్టి మరీ వెళ్ళు."

"ఓసి నీ దుంప తెగ! నన్నే నమ్మవా?"

"నిన్ను కాదు వదినా. వచ్చే శుక్రవారాన్ని నమ్మను."

కాసులమ్మ నవ్వింది. తింది. తొక్క చెల్లాయమ్మ చేతిలో పెట్టింది. "మా తాతమ్మ గెల కూడా ఇలాగే ఉండేదేమోనే. గోదారిలో పారబోశాను" అంది. చెల్లాయమ్మ ఇంకో పండు ఒలిచి ఆవిడ చేతిలో పెట్టింది.

పొద్దెక్కేసరికి ఆరు అత్తాలూ అయిపోయాయి. కొబ్బరితాడు ఒక్కటే మిగిలింది. చెల్లాయమ్మ ఖాళీ దూలం వైపు ఒక్కసారి చూసింది. తర్వాత పలుగు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. పండ్ల తొక్కలు తెచ్చి అరటి మొదట్లో వేసింది. నాలుగు పిలకలూ వేరుకి దెబ్బ తగలకుండా తవ్వి తీసింది. ఒకటి అంట్లు తోమిన నీళ్ళు పారే చోట నాటింది. మూడు పంచిపెట్టింది. అందులో మొదటిది కాసులమ్మకి.

"ఇది పెద్దయ్యాక దీని పిలకలు నువ్వు పంచాలి వదినా" అంది.

అరటిచెట్టు గాలికి ఆకులన్నీ ఊపింది. "ఇక నా గెల దించు అమ్మాయ్. నేను హాయిగా పడుకుంటాను" అంది.

ఆకు కిందనుంచి బూజుపిల్ల తొంగి చూసింది. "నామీద కోపం పోయిందా అమ్మా?"

చెల్లాయమ్మ చేతికంటిన మట్టి దులుపుకుంది.

"పోలేదు. పండు మీద నిన్ను చూసినప్పుడల్లా ఛీ అంటాను. అనక మానను. అన్నాక ఇంట్లో అందరినీ పిలిచి ఆ పండు తినేస్తాను. సరేనా?"

"అది చాలమ్మా" అని బూజుపిల్ల పచ్చికాయల చివర, ఎండిన పువ్వు అంటుకుని ఉండే చోట ముడుచుకుని పడుకుంది.

నాలుగేళ్ళు తిరిగేసరికి లంక మళ్ళీ పచ్చబడింది. తాంబూలంలో పండు పెడితే అక్కడే తినిపించడం మొదలైంది. పెళ్ళిళ్ళలో బుట్ట పట్టుకొచ్చే పెద్దాయనకి పనిలేక, ఆయన కూడా పంక్తిలో కూర్చుని రెండు పండ్లు తిన్నాడు.

అప్పటినుంచే, పచ్చి అరటికాయ మీద బూజు కంటికి కనపడకుండా నిద్రపోతుంది. కాయ పండుతుండగానే లేచి, తొక్క మీద ఒక నల్లచుక్క పెడుతుంది. కబురు విని తిన్నవాళ్ళకి ఆ పండంత తియ్యటిది ఇంకోటి ఉండదు. విననివాళ్ళ గెల తొడిమ దగ్గర నల్లబడి, మగ్గి, ఊడి పడుతుంది. అప్పటినుంచే, చుక్క పడ్డ పండు కనపడితే ప్రతి ఇంట్లోనూ ఏ అమ్మో ముందు ఛీ అంటుంది. ఆ వెంటనే, "రండర్రా, ఇవాళే తినేయాలి. పక్కింటివాళ్ళని కూడా పిలవండి" అని కేకేస్తుంది.